అజాన్ ఒక్కటే, లెక్కలు నాలుగు: నమాజు పిలుపు తొలినాళ్ల చరిత్ర

ఇస్లాం మొదలైన తొలి 12 ఏళ్లలో అజాన్ లేదు. ప్రవక్త ముహమ్మద్‌కు మక్కాలో దైవవాణి రావడం మొదలైంది 610 ప్రాంతంలో. ఆయన మదీనాకు వలస వెళ్లింది 622లో. ఈ మధ్యకాలంలో నమాజు ఉంది, ఖురాన్ పారాయణం ఉంది, నమ్మినవాళ్లూ ఉన్నారు. కానీ అందరూ రండి అని గొంతెత్తి పిలిచే పద్ధతి లేదు. ఉండే వీలూ లేదు. అప్పటి ముస్లింలు గుప్పెడు మంది. అర్ఖమ్ అనే సహచరుడి ఇంట్లో గుట్టుగా కలుసుకునేవాళ్లు. ఆ రోజుల్లో మక్కా వీధిలో నిలబడి ఎవరైనా పిలిస్తే, నమాజు చేసేవాళ్లకంటే ముందు కొట్టేవాళ్లు వచ్చి ఉండేవాళ్లు.

మరి రోజూ ఐదు పూటలా మనకు వినిపించే ఈ పిలుపు ఎప్పుడు మొదలైంది? ఆ మాటలు ఎక్కడి నుంచి వచ్చాయి? వినేవాళ్లకు ప్రపంచమంతా ఒకే అజాన్ అనిపిస్తుంది గానీ, సున్నీ ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో హనఫీల అజాన్‌లో 15 వాక్యాలు ఉంటాయి, మాలికీలకు 17, షాఫియీలకు 19, షియాలకు 18. ఎందుకిలా?

ఈ తేడాలను కొందరు తర్వాతి కాలంలో దూరిన తప్పులుగా చూస్తారు, కొందరు మొండిపట్టుగా చూస్తారు. నాకు మాత్రం అజాన్ తొలి చరిత్ర గురించి మిగిలిన గట్టి సాక్ష్యం ఈ తేడాల్లోనే ఉందనిపిస్తుంది. అజాన్ పుస్తకంలో పుట్టి ఊళ్లకు పాకలేదు. కొన్ని ఊళ్లలో, కొన్ని కుటుంబాల గొంతుల్లో బతికింది. చాలా కాలం తర్వాత పుస్తకాలకెక్కింది. ఈ క్రమం తెలిస్తే చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

మదీనాలో వచ్చిన ఇబ్బంది

మదీనా అప్పట్లో చుట్టూ గోడ, మధ్యలో బజారు ఉన్న పట్నం కాదు. ఖర్జూర తోటల మధ్య ఎడంఎడంగా ఉన్న పేటల గుంపు. ఒక్కో తెగది ఒక్కో పేట. ప్రవక్త వచ్చాక మసీదు కట్టారు, అందరూ కలిసి నమాజు చేయడం మొదలైంది. అక్కడే ఇబ్బంది వచ్చింది. గడియారాలు లేవు. ఎండ చూసి, నీడ చూసి టైమ్ అంచనా కట్టుకుని రావాలి. తోటపని వదిలేసి ముందే వచ్చినవాళ్లు ఎదురుచూస్తూ కూర్చోవాలి, ఆలస్యమైనవాళ్లకు జమాతు (అందరూ కలిసి చేసే నమాజు) దక్కదు. పిలిచేవాళ్లెవరూ లేక అందరూ ఇలా అంచనాతోనే వచ్చేవాళ్లని ఖలీఫా ఉమర్ కొడుకు అబ్దుల్లా ఇబ్నె ఉమర్ చెప్పిన మాట బుఖారీ, ముస్లిం హదీసు (ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనాల) సంకలనాలు రెండింటిలోనూ ఉంది.

ఏం చేయాలా అని మాట్లాడుకున్నారు. జెండా ఎత్తుదామని ఒకరు అన్నారు. నిద్రపోయేవాడికి జెండా కనిపించదు. నిప్పు రాజేద్దామని ఇంకొకరు. యూదుల్లా కొమ్ము ఊదుదామని మరొకరు. క్రైస్తవుల్లా నాఖూస్ కొడదామని ఇంకొందరు.

ఈ నాఖూస్‌ను ఇప్పటి అనువాదాల్లో చాలాచోట్ల గంట అని రాసేస్తున్నారు. అప్పటి తూర్పు చర్చిల్లో వాడింది లోహపు గంట కాదు. పొడవాటి చెక్కబల్ల, దాన్ని కొట్టడానికి ఒక చిన్న కర్ర. సిరియా, పాలస్తీనా, ఈజిప్టు మఠాల్లో సన్యాసులను ప్రార్థనకు పిలిచింది ఆ చెక్క చప్పుడే. గ్రీసులోని ఆథోస్ కొండ మీదున్న మఠాల్లో ఇప్పటికీ అలాంటి బల్లను కొడతారు. ప్రవక్త చుట్టూ కూర్చున్నవాళ్ల చెవుల్లో ఉన్న శబ్దాలు ఇవి: చెక్క, కొమ్ము. రెండూ పక్కవాళ్లవి. అప్పుడప్పుడే తమకంటూ ఒక రూపం తెచ్చుకుంటున్న సమాజానికి పక్కవాళ్ల శబ్దం అరువు తెచ్చుకోవడం ఇబ్బందిగా అనిపించి ఉంటుంది. అయినా వేరే దారి కనబడక నాఖూస్ చెక్కించమని ప్రవక్త చెప్పారని ఇబ్నె ఇస్‌హాఖ్ రాసిన జీవితచరిత్ర అంటుంది. అంటే అజాన్ రాకుండా పోయే అవకాశం నిజంగానే ఉండింది.

ఒక సలహా, ఒక కల

ఇక్కడి నుంచి కథనాలు రెండుగా చీలుతాయి.

ఇబ్నె ఉమర్ చెప్పినదాని ప్రకారం ఆ చర్చలోనే ఉమర్ లేచి, ఒక మనిషిని పంపి నమాజుకు పిలిపించవచ్చు కదా అన్నారు. ప్రవక్త వెంటనే, బిలాల్, లేచి నమాజుకు పిలువు అన్నారు. అంతే. అందులో కల లేదు, ఏ మాటలతో పిలిచారో కూడా లేదు.

రెండో కథనం అబూ దావూద్, తిర్మిజీ సంకలనాల్లోనూ, ఇబ్నె ఇస్‌హాఖ్ దగ్గరా ఉంది. ఖజ్రజ్ తెగకు చెందిన మదీనావాసి అబ్దుల్లా ఇబ్నె జైద్‌కు ఒక కల వచ్చింది. ఆకుపచ్చ బట్టలు వేసుకున్న మనిషి నాఖూస్ పట్టుకుని పోతున్నాడు. ఇది అమ్ముతావా అని ఈయన అడిగారు. నీకెందుకు అన్నాడతను. నమాజుకు పిలవడానికి అన్నారు. ఇంతకంటే మంచిది చెప్పనా అని, ఆ మనిషి అజాన్ మాటలు ఒక్కొక్కటే వినిపించాడు. తెల్లారాక అబ్దుల్లా వెళ్లి చెబితే ప్రవక్త అది నిజమైన కల అన్నారు. బిలాల్‌కు నేర్పించు, నీకంటే ఆయన గొంతు దూరం వెళ్తుంది అని కూడా అన్నారు. బిలాల్ పిలుపు ఇంట్లో ఉన్న ఉమర్ చెవిన పడింది. పైవస్త్రం నేల మీద ఈడ్చుకుంటూ పరుగున వచ్చి, నాకూ ఇదే కల వచ్చింది అన్నారు.

ఈ రెండూ ఎలా పొసుగుతాయి? మొదటి కథనంలో ఉమర్ చర్చలోనే ఉన్నారు, రెండోదానిలో ఇంట్లో ఉన్నారు. పాత వ్యాఖ్యాతలు దీన్ని గమనించకుండా పోలేదు. వాళ్లలో చాలామంది చెప్పిన దారి ఇది: ఉమర్ సలహాతో మొదట మామూలు కేక మొదలైంది. నమాజుకు చేరండి అనే అర్థంలో ‘అస్సలాతు జామిఅహ్’ అని వీధిలో చెప్పేవాళ్లు. మాటలు స్థిరపడింది ఆ తర్వాత, కల వచ్చాక. సూర్య, చంద్ర గ్రహణాల నమాజుకు నేటికీ అజాన్ ఇవ్వరు, ‘అస్సలాతు జామిఅహ్’ అనే పిలుస్తారు. ఒకప్పటి మొదటి మెట్టు ఆ ఒక్కచోట మిగిలిపోయిందనుకోవడానికి ఇది బలమైన ఆధారం. నాకైతే ఈ రెండు మెట్ల వివరణే సహజంగా తోస్తుంది. మనుషులు పెట్టుకునే పద్ధతులేవీ ఒక్క రోజులో పూర్తి రూపంతో రావు.

షియా సంప్రదాయం కల కథను పూర్తిగా కాదంటుంది. మతంలో ఇంత ముఖ్యమైన ఆచారం ఎవరో ఒకరి కల మీద నిలబడటమేమిటన్నది వాళ్ల ప్రశ్న. అజాన్‌ను జిబ్రీల్ దూతే ప్రవక్తకు అందించాడని వాళ్ల ఇమాముల మాట. సున్నీల జవాబు కూడా తేలిగ్గా తీసిపారేయాల్సింది కాదు: కలకు విలువ వచ్చింది కల కన్న మనిషి వల్ల కాదు, దాన్ని ప్రవక్త ఒప్పుకోవడం వల్ల. రెండు పక్షాలూ అజాన్ గౌరవాన్ని కాపాడాలనే చూస్తున్నాయి, దారులు వేరు.

ఈ కథనాలన్నీ రాతలోకి వచ్చిన కాలం కూడా గుర్తుంచుకోవాలి. ఇబ్నె ఇస్‌హాఖ్ చనిపోయింది 767 ప్రాంతంలో, మదీనా పండితుడు మాలిక్ 795లో, బుఖారీ 870లో, అబూ దావూద్ 889లో. సంఘటన జరిగింది 622 తర్వాత ఒకటి రెండేళ్లలో. మధ్యలో ఉన్నది నోటిమాట. ఇంత దూరం ఉందని మొత్తం కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. కానీ పిలుపు ఒకటి ఉండేదన్న సంగతికి ఖురాన్‌లోనే సాక్ష్యం ఉంది. 62వ సూరాలో (అధ్యాయంలో), శుక్రవారం నమాజుకు పిలుపు వినబడితే వ్యాపారం వదిలి రండి అని ఉంది. 5వ సూరాలో, మీరు నమాజుకు పిలిస్తే వాళ్లు దాన్ని ఎగతాళి చేస్తారని ఉంది. ఖురాన్‌లో అజాన్ మాటలు మాత్రం ఎక్కడా లేవు. పిలవడం అనే పని ఖురాన్‌లో ఉంది, ఏమని పిలవాలన్నది మనుషుల జ్ఞాపకంలో ఉంది. తర్వాత వచ్చిన తేడాలన్నిటికీ మూలం ఇక్కడే.

బిలాల్ గొంతు

బిలాల్ ఇబ్నె రబాహ్ హబషీ (ఇథియోపియా) మూలాలున్నవారు, మక్కాలో బానిస. యజమాని ఉమయ్యా ఇబ్నె ఖలఫ్ ఆయన్ని మండే ఇసుకలో పడుకోబెట్టి, ఛాతీ మీద బండ పెట్టించేవాడని, ఆయన నోటి నుంచి ‘అహద్, అహద్’ (దేవుడు ఒక్కడే) అన్న మాట తప్ప వచ్చేది కాదని చరిత్రలు చెబుతాయి. అబూ బకర్ ఆయన్ని కొని విడిపించారు. అలాంటి మనిషిని ఊరంతటినీ పిలిచే పనికి పెట్టడం ఆనాటి అరబ్బు సమాజంలో చిన్న విషయం కాదు. పుట్టిన తెగను బట్టి మనిషి విలువ కట్టే చోట, తెగలేని మనిషి పిలిస్తే తెగల పెద్దలు లేచి రావాలి. ఎంపికకు చెప్పిన కారణం మాత్రం చాలా సాదాసీదాది. గొంతు బాగుంది, దూరం వెళ్తుంది. నాకు ఆ సాదాతనమే గొప్పగా అనిపిస్తుంది.

ఎక్కడి నుంచి పిలిచేవారు? మసీదుకు మినార్ లేదు. నజ్జార్ వంశానికి చెందిన ఒకావిడ ఇల్లు ఆ చుట్టుపక్కల ఎత్తైనది. తెల్లవారుజామున బిలాల్ వచ్చి మా ఇంటి కప్పు మీద కూర్చుని తూర్పున వెలుగు కోసం చూసేవారని, కనిపించగానే ఒళ్లు విరుచుకుని లేచి, దుఆ (వేడుకోలు) చేసి, పిలుపు ఇచ్చేవారని ఆవిడే చెప్పిన మాట అబూ దావూద్‌లో ఉంది. 630లో మక్కా ముస్లింల చేతికి వచ్చినప్పుడు అదే బిలాల్‌ను ప్రవక్త కాబా పైకి ఎక్కి అజాన్ ఇవ్వమన్నారు. తనను బానిసగా చూసిన ఊళ్లో, ఆ ఊరికంతటికీ పవిత్రమైన కట్టడం మీద నిలబడి పిలిచారాయన. మక్కాను ఏలిన ఖురైష్ తెగ పెద్దల్లో కొందరు దాన్ని జీర్ణించుకోలేకపోయారని కథనాలున్నాయి.

బిలాల్ పేరు చుట్టూ అల్లుకున్న జనశ్రుతులు కూడా ఉన్నాయి. ఆయనకు ‘ష’ పలకదని, ‘అష్‌హదు’ను ‘అస్‌హదు’ అనేవారని, ఆ కారణంతో ఆయన్ని తప్పిస్తే ఆ రోజు తెల్లవారలేదని మన దగ్గరి బయానుల్లో (మత ప్రసంగాల్లో) కూడా చెబుతుంటారు. ఇబ్నె కసీర్ లాంటి హదీసు పండితులు దీనికి ఆధారమే లేదని తేల్చారు. ఆలోచిస్తే తెలుస్తుంది: గొంతు చూసి ఎంచుకున్న మనిషికి ఉచ్చారణ లోపం అంటగట్టడం ఎంత అన్యాయం. భక్తితో చెప్పేవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ కథ వెనక నల్లజాతి మనిషి మాట సరిగా ఉండదన్న పాత చులకన కనిపిస్తూనే ఉంటుంది.

మదీనాలో రెండో మౌజన్ (అజాన్ ఇచ్చే మనిషి) కూడా ఉండేవారు. ఇబ్నె ఉమ్మె మక్తూమ్, అంధుడు. 80వ సూరా మొదట్లో ప్రస్తావించిన అంధుడు ఈయనేనని వ్యాఖ్యాతలు అంటారు. రంజాన్‌లో బిలాల్ ఇంకా చీకటి ఉండగానే పిలిచేవారు, నిద్ర లేచి సహరీ తినడానికి. ఇబ్నె ఉమ్మె మక్తూమ్ పిలిస్తే తినడం ఆపాలి. ఆయనకు కళ్లు లేవు కాబట్టి, తెల్లారింది, తెల్లారింది అని పక్కవాళ్లు చెప్పాకే పిలిచేవారు. ఇద్దరు మనుషులు, రెండు గొంతులు, రెండు అర్థాలు. ఏ గొంతో గుర్తుపట్టగలిగే చిన్న ఊరికి సరిపోయే ఏర్పాటు ఇది.

ఎగతాళి చేసిన కుర్రాడు

మూడో మౌజన్ కథ నాకు చాలా ఇష్టం. మక్కా వశమైన ఏడాదే, హునైన్ యుద్ధం తర్వాత ప్రవక్త తిరిగి వస్తున్నారు. దారిలో ముస్లిం సైన్యం అజాన్ ఇచ్చింది. ఆ పక్కన ఉన్న మక్కా కుర్రాళ్ల గుంపు దాన్ని వెక్కిరిస్తూ గొంతు కలిపింది. ప్రవక్త వాళ్లను పిలిపించారు. అందరికంటే గట్టిగా వినబడిన గొంతు ఎవరిదని అడిగారు. అందరూ ఒకరినే చూపించారు. అతనే అబూ మహ్‌జూరా. మిగతావాళ్లను పంపేసి అతన్ని ఆపి, అజాన్ ఇవ్వమన్నారు. ఆ క్షణంలో ఆ మనిషన్నా, ఆయన చెప్పమన్న మాటలన్నా నాకు పరమ అసహ్యమని అబూ మహ్‌జూరా తర్వాత తానే చెప్పుకున్నారు. ప్రవక్త ఒక్కో మాటా పలికి అతనితో పలికించారు. చివర్లో కొంత వెండి ఉన్న సంచి ఇచ్చారు, అతని నుదుటి మీద, ఛాతీ మీద చేత్తో నిమిరారు. లోపలున్న అసహ్యమంతా ఇష్టంగా మారిందంటారు ఆయన. మక్కాలో అజాన్ ఇచ్చే పని నాకివ్వండి అని తనే అడిగారు. ఇచ్చారు. ఆ పని ఆయన తర్వాత ఆయన కొడుకులకు, మనవలకు తరతరాలుగా వచ్చింది.

ఇక్కడే వాక్యాల లెక్క మారింది. అబూ మహ్‌జూరా అజాన్‌లో రెండు సాక్ష్య వాక్యాలు (అల్లాహ్ తప్ప ఆరాధ్యుడు లేడు, ముహమ్మద్ ఆయన ప్రవక్త అనేవి) ముందు మెల్లగా రెండేసి సార్లు, మళ్లీ గొంతెత్తి రెండేసి సార్లు వస్తాయి. దీన్ని తర్జీ అంటారు. బిలాల్ అజాన్‌లో ఇది లేదు. ఎందుకొచ్చింది? హనఫీ పండితుల వివరణ వినండి: ఆ కుర్రాడు అప్పటికింకా విశ్వాసి కాదు, ఆ మాటలు గొణిగాడు. గట్టిగా అను అని ప్రవక్త మళ్లీ అనిపించారు. ఆయన దాన్ని అజాన్‌లో భాగమే అనుకుని అలాగే కొనసాగించారు. షాఫియీలు దీన్ని ఒప్పుకోరు. ప్రవక్త నేర్పింది నేర్పినట్టే, అది సున్నతు (ప్రవక్త చూపిన పద్ధతి) అంటారు. ఎవరి మాట సరైనదైనా, ఒక కుర్రాడి తడబాటు లాంటి చిన్న క్షణం మీద ఇన్ని శతాబ్దాల చర్చ నడవడం చూస్తే, ఆ తరం ఎంత జాగ్రత్తగా విన్నదాన్ని విన్నట్టు దాచుకుందో అర్థమవుతుంది.

ఊరికో అజాన్

632లో ప్రవక్త చనిపోయాక బిలాల్‌కు మదీనాలో ఉండబుద్ధి కాలేదు. మీరు నన్ను మీ కోసం కొని ఉంటే ఉంచుకోండి, దేవుడి కోసం కొని ఉంటే వెళ్లనివ్వండి అని అబూ బకర్‌తో అన్న మాట బుఖారీలో ఉంది. సిరియా వెళ్లిపోయి, 640 ప్రాంతంలో దమాస్కస్‌లో కన్నుమూశారు. మదీనా మసీదులో ఆ పని సఅద్ అల్ ఖరజ్ అనే, మదీనా పక్కనున్న ఖుబా మసీదు మౌజన్‌కు వచ్చింది, ఆయన కుటుంబంలో నిలిచిపోయింది. మక్కాలో అబూ మహ్‌జూరా కుటుంబం. ఇరాక్‌లో కొత్తగా కట్టిన కూఫా పట్నానికి వెళ్లి స్థిరపడిన సహచరులు బిలాల్, అబ్దుల్లా ఇబ్నె జైద్‌ల పద్ధతిని పట్టుకెళ్లారు.

నూరేళ్లు దాటాక ధర్మశాస్త్ర పండితులు వచ్చి చూస్తే ఊరికో అజాన్ ఉంది. కూఫాలో అబూ హనీఫా ఆ ఊళ్లో విన్నదాన్ని నిలబెట్టారు: మొదట అల్లాహు అక్బర్ నాలుగుసార్లు, తర్జీ లేదు, మొత్తం 15. మదీనాలో మాలిక్ తన ఊరి పద్ధతి తీసుకున్నారు: అల్లాహు అక్బర్ రెండే సార్లు, తర్జీ ఉంది, మొత్తం 17. మక్కాలో పెరిగిన షాఫియీ అబూ మహ్‌జూరా వంశంలోని ఇబ్రాహీం అనే మౌజన్ అజాన్ స్వయంగా విన్నానని రాసుకున్నారు: నాలుగు తక్బీర్లు (అల్లాహు అక్బర్ అనడం), తర్జీ, మొత్తం 19. మజ్‌హబుల (ధర్మశాస్త్ర సంప్రదాయాల) తేడా అని మనం చెప్పుకునేది నిజానికి మూడు ఊళ్ల తేడా.

మాలికీ పండితులు తరచూ చెప్పే ఒక సంభాషణ ఈ సంగతిని బాగా పట్టిస్తుంది. అబూ హనీఫా శిష్యుడు అబూ యూసుఫ్ మదీనా వచ్చి మాలిక్‌ను అడిగారట: మీరు తర్జీతో అజాన్ ఇస్తారు, దానికి ప్రవక్త నుంచి మీ దగ్గర హదీసు ఏదీ? మాలిక్ ఆశ్చర్యపోయారు. రోజుకు ఐదుసార్లు, అందరి ముందూ, ప్రవక్త కాలం నుంచి ఈ రోజు వరకు తండ్రుల నుంచి కొడుకులు అందుకుంటూ ఇస్తున్న పిలుపు ఇది. దీనికి ఫలానావాడు ఫలానావాడి నుంచి విన్నాడన్న గొలుసు కావాలా? మా దృష్టిలో హదీసు కంటే ఇదే గట్టిది అన్నారు. రాసిన మాటకూ నడుస్తున్న ఆచారానికీ మధ్య ఏది ప్రమాణం అన్న పెద్ద ప్రశ్న అజాన్ మీదే ఇంత సూటిగా తలెత్తడం యాదృచ్ఛికం కాదు. రోజూ ఊరంతా వినే పిలుపులో దొంగచాటుగా మార్పు చేయడం ఎవరితరమూ కాదు. అలాగని మదీనా కుటుంబం ఒకటి చెప్పి, మక్కా కుటుంబం ఒకటి చెబితే, రెండూ ప్రవక్త కాలం నుంచే వస్తుంటే, అప్పట్లోనే ఒకటికంటే ఎక్కువ రూపాలు చెల్లుబాటయ్యేవని ఒప్పుకోక తప్పదు. ఇబ్నె తైమియా లాంటి తర్వాతి పండితులు ఈ మాట తేటగానే చెప్పారు: ఇవన్నీ సరైనవే.

గొడవ పడ్డ రెండు వాక్యాలు

ఫజర్ (తెల్లవారుజాము) అజాన్‌లో సున్నీలు ‘అస్సలాతు ఖైరుమ్ మినన్నౌమ్’, నిద్ర కంటే నమాజు మేలు అంటారు. షియాలు అన్ని అజాన్లలోనూ ‘హయ్య అలా ఖైరిల్ అమల్’, అన్నిటికంటే మంచి పనికి రండి అంటారు. ఒకరిది ఇంకొకరు ఒప్పుకోరు.

మొదటిదాని గురించి రెండు కథనాలున్నాయి. ప్రవక్త నిద్రలో ఉంటే బిలాల్ ఆ మాట అన్నారని, ప్రవక్త అజాన్‌లో ఉంచమన్నారని ఒకటి. మాలిక్ రాసిన ముఅత్తా అనే హదీసు గ్రంథంలో ఇంకొకటి: ఖలీఫా ఉమర్‌ను లేపడానికి వచ్చిన మౌజన్ ఆయన పడుకుని ఉండటం చూసి ఈ మాట అంటే, దీన్ని ఫజర్ పిలుపులో పెట్టు అని ఉమర్ ఆదేశించారు. షియాలు రెండోదాన్ని పట్టుకుని ఇది ఉమర్ చేర్చింది అంటారు. అంతేకాదు, హయ్య అలా ఖైరిల్ అమల్ మొదటి నుంచీ ఉండేదని, నమాజే అన్నిటికంటే మంచి పని అంటే జనం జిహాద్‌కు వెనకాడతారని ఉమర్ తీయించారని వాళ్ల వాదన. సున్నీలు దీన్ని ఒప్పుకోకపోయినా, ఉమర్ సొంత కొడుకు ఇబ్నె ఉమరే ఒక్కోసారి ఆ మాట అజాన్‌లో అనేవారని సున్నీ గ్రంథాల్లోనే ఉంది. తొలితరంలో ఈ వాక్యం ఏదో ఒక రూపంలో వినిపించి ఉంటుందని అనుకోవడానికి నాకు ఆ ఆధారం చాలు.

తర్వాత ఇది రాజ్యాల వ్యవహారమైంది. షియా రాజవంశమైన ఫాతిమీల సేనాని జౌహర్ 969లో ఈజిప్టును గెలిచాడు. మరుసటి ఏడాది ఇబ్నె తూలూన్ మసీదులో హయ్య అలా ఖైరిల్ అమల్ మోగింది. పట్నం చేతులు మారిందని ప్రజలకు వేరే చాటింపు అక్కర్లేకపోయింది. 1171లో సున్నీ పాలకుడు సలాహుద్దీన్ ఫాతిమీల పాలన ముగిసేలా చేశాక ఆ వాక్యం ఆగిపోయింది. బాగ్దాద్‌లో షియాల పేట కర్ఖ్‌లోనూ, 1055లో సున్నీ తురుష్కులైన సెల్జూక్‌లు వచ్చాక అదే జరిగింది. ‘అలీయున్ వలీయుల్లాహ్’ (అలీ దేవుడి వలీ) అనే సాక్ష్యం సంగతి మరీ ఆసక్తికరం. 991లో చనిపోయిన షియా మహాపండితుడు షేక్ సదూఖ్, దీన్ని అజాన్‌లో చేర్చేవాళ్లను తీవ్రంగా తప్పుబట్టారు. 1501లో తబ్రీజ్‌లో గద్దెనెక్కిన షా ఇస్మాయిల్ దాన్ని అజాన్‌లో చెప్పించాడు. ఇప్పటికీ షియా ఫఖీహుల్లో (ధర్మశాస్త్ర పండితుల్లో) ఎక్కువమంది అది అజాన్‌లో అసలు భాగం కాదని, చెప్పడం మంచిదని అంటారు. పైన చెప్పిన 18లో అది లేదు.

హైదరాబాద్ పాతబస్తీలో దారుల్‌షిఫా వైపు వెళ్తే ఈ వాక్యాలు చెవిన పడతాయి. అదే నగరంలో హజ్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు ఉండే బార్కస్ షాఫియీలది. మిగతా తెలుగు ప్రాంతమంతా దాదాపు హనఫీ. మక్కా, కూఫా, కైరో గొడవల జాడలు మన ఊళ్లోనే పక్కపక్కన ఉన్నాయి, ఎవరి పిలుపు వాళ్లది, గొడవ లేకుండా.

శుక్రవారం, మినార్, వాన

ప్రవక్త కాలంలోనూ, అబూ బకర్, ఉమర్ కాలంలోనూ శుక్రవారం ఇమాము మింబర్ (ప్రసంగ వేదిక) మీద కూర్చున్నాకే అజాన్ ఇచ్చేవారు. ఉస్మాన్ ఖలీఫాగా ఉన్న రోజుల్లో (644 నుంచి 656) మదీనా బాగా పెరిగింది. మసీదు దగ్గరి పిలుపు బజారుకు అందడం లేదు. బజారులో జౌరా అనే చోటు నుంచి ముందుగా ఇంకో అజాన్ ఇప్పించారాయన. ఇబ్నె ఉమర్ దాన్ని బిద్అత్ (మతంలో కొత్తగా చేర్చింది) అన్నారని ఒక కథనం. కానీ అవసరం నిజమైనది కాబట్టి నిలిచిపోయింది.

మినార్ ఇంకా ఆలస్యంగా వచ్చింది. 673లో ఖలీఫా ముఆవియా ఆదేశం మీద ఈజిప్టు గవర్నర్ మస్లమా, ఫుస్తాత్‌లోని అమ్ర్ మసీదు నాలుగు మూలల మీద చిన్న గోపురాల్లాంటివి కట్టించారని చరిత్రకారులు రాశారు. ఖలీఫా వలీద్ కాలంలో దమాస్కస్ పెద్ద మసీదుకు రోమన్ల నాటి గుడి ప్రాకారపు మూల బురుజులే పనికొచ్చాయి. ఆయన హయాంలోనే, 707 తర్వాత, మదీనా మసీదును తిరిగి కట్టినప్పుడు నాలుగు మూలలా స్తంభాలు లేచాయి. తొలి మినార్లు పిలుపు కోసమే కట్టారా, మసీదు దూరం నుంచి కనబడాలని కట్టారా అన్నదాని మీద కళా చరిత్రకారుల్లో వాదన ఉంది. ఇరాక్‌లోని సమర్రాలో 9వ శతాబ్దపు మెలికల మినార్ ఎత్తు 52 మీటర్లు. అంత పైనుంచి పిలిస్తే కింద మాటలు తెలుస్తాయా అని ఆలోచిస్తే, కనబడటం కోసమే అన్నవాళ్ల వైపే నేను మొగ్గుతాను. పిలవడానికి ఒక ఇంటి కప్పు చాలని బిలాల్ నాడే చూపించారు.

మాటలు ఇంత జాగ్రత్తగా దాచుకున్నా, అవసరం వస్తే మార్చుకోవడానికి తొలితరం వెనకాడలేదు. వాన పడిన ఒక శుక్రవారం ప్రవక్త చిన్నాన్న కొడుకు ఇబ్నె అబ్బాస్ తన మౌజన్‌తో, ‘హయ్య అలస్సలాహ్’ (నమాజుకు రండి) అనకు, ‘సల్లూ ఫీ బుయూతికుమ్’ అను అన్నారు. మీ ఇళ్లలోనే నమాజు చేసుకోండి అని. విన్నవాళ్లు ముఖముఖాలు చూసుకున్నారు. నాకంటే గొప్పవారే ఇలా చేశారు, మిమ్మల్ని బురదలో నడిపించడం నాకిష్టం లేకపోయింది అన్నారాయన. 2020 మార్చిలో కరోనాతో మసీదులు మూసినప్పుడు కువైట్ మౌజన్లు ఇళ్లలోనే నమాజు అని పిలుస్తుంటే విని కంటతడి పెట్టినవాళ్లు, ఇదెక్కడి కొత్త అజాన్ అని కంగారు పడినవాళ్లు ఎంతోమంది. అది 7వ శతాబ్దపు మాటే. దాన్ని ‘హయ్య అలస్సలాహ్’ స్థానంలో చెప్పాలా, అజాన్ అంతా అయ్యాక చెప్పాలా అని అప్పుడు మళ్లీ చర్చ వచ్చింది. ఇబ్నె అబ్బాస్ కథనం మొదటిదాన్ని సమర్థిస్తుంది. చలిరాత్రి ప్రయాణంలో ఇబ్నె ఉమర్ చేసినదాని గురించి వచ్చిన కథనం రెండోదాన్ని సమర్థిస్తుంది.